మూసీ వరద నుంచి మూసీ సుందరీకరణ దాకా: పాతబస్తీలో పేదవాడి ఇల్లు

2024 సెప్టెంబరు నెలలో హైదరాబాదు చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్రరంగుతో గుర్తులు వేశారు. గుర్తు పడిన ఇల్లు నదీగర్భంలో ఉన్నట్టు లెక్క. అక్టోబరు మొదటి రోజుల్లోనే కూల్చివేతలు మొదలయ్యాయి. కొన్ని కుటుంబాలను మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గర కట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. మరికొన్ని చోట్ల జనం అడ్డం నిలబడ్డారు. నదిని బాగుచేయవద్దా అని ఒక పక్షం అడిగింది. మేమెక్కడికి పోవాలి అని మరొక పక్షం అడిగింది.

ఈ రెండు ప్రశ్నలూ కొత్తవి కావు. ఇదే నది ఒడ్డున, ఇదే మాటల్లో, అంతకు 116 సంవత్సరాల క్రితం కూడా లేచినవే. ఆనాడు దొరికిన జవాబేమిటి, ఆ జవాబు ఎవరికి ఇల్లు ఇచ్చింది, ఎవరి ఇల్లు తీసుకున్నది అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదు గురించి రాసేవారిలో రెండు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది, నిజాం కాలాన్ని స్వర్ణయుగంగా తలచుకునే ధోరణి. ఆనాటి రోడ్లు, మోరీలు, మార్కెట్లు, ఉద్యానవనాలు చూడండి, తర్వాత వచ్చినవారు అన్నీ పాడుచేశారు అంటుంది. రెండవది, ఆ కాలమంతా భూస్వామ్య పీడనే కనుక అందులో తెలుసుకోవలసినదేమీ లేదనే ధోరణి. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండూ మనల్ని ఒకే ప్రశ్న అడగకుండా ఆపుతాయి: కట్టింది ఎవరి కోసం? ఖర్చు ఎవరి నెత్తిన పడింది? ఈ ప్రశ్న అడగకుండా నగర చరిత్ర రాస్తే అది కట్టడాల జాబితా అవుతుందే గాని ప్రజల చరిత్ర కాదు.

1

1591లో చార్మినార్ కేంద్రంగా వెలసిన నగరం మూసీకి దక్షిణాన పెరిగింది. 18వ శతాబ్దంలో చుట్టూ గోడ లేచింది. గోడ లోపల అమీర్ల దేవిడీలు వెలిశాయి. దేవిడీ అంటే ఒక్క భవనం కాదు. యజమాని మహలు, జనానా, కచేరీ, గుర్రపుశాల, తోట, వీటన్నిటి చుట్టూ నౌకర్లు, సిపాయిలు, చేతిపనివారు ఉండే వరుస ఇళ్లు, అన్నీ కలిస్తే దేవిడీ. కాబట్టి పాత నగరంలో పేదవాడి గూడు అమీరు నీడలోనే ఉండేది. అది అతని హక్కు కాదు, కొలువుతో ముడిపడిన దయ. కొలువు పోతే గూడూ పోయేది. అయితే ఒక్క విషయం గమనించాలి. పనిచేసే చోటుకు, నివసించే చోటుకు మధ్య దూరం ఉండేది కాదు. తర్వాతి కథకంతా ఈ విషయమే కీలకం.

ఏ దేవిడీ నీడా లేని శ్రామికులు ఎవరికీ అక్కరలేని నేల మీద బతికారు. అటువంటి నేల మూసీ అంచున ఉండేది. నీళ్లు దగ్గర, బజారు దగ్గర. నది ఎండాకాలంలో సన్నని పాయ, వానాకాలంలో గండం.

1908 సెప్టెంబరు 28న ఆ గండం వచ్చింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. నది పక్క కోల్సావాడి తుడిచిపెట్టుకుపోయింది. ప్రాణభయంతో పేట్లబురుజు ఎక్కిన జనాన్ని బురుజుతో సహా నీళ్లు మింగాయి. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు ఎక్కినవారు సుమారు 150 మంది బతికారని ఈనాటికీ చెప్పుకుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు వరదకు సాక్షిగా మిగిలింది. మృతుల సంఖ్య దాదాపు 15,000 అని ఒక అంచనా.

వరదకు కులం, మతం, వర్గం లేవని అనడం వాడుక. నీటికి లేకపోవచ్చు, నేలకు ఉన్నాయి. ఒడ్డున మట్టిగోడల ఇంట్లో ఎవడున్నాడు, మెరక మీద రాతి కట్టడంలో ఎవడున్నాడు అన్నది వాన నిర్ణయించలేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయులకు మహళ్లు తెరిపించి గంజి కేంద్రాలు పెట్టించిన మాట వాస్తవమే. కాని దయ వరద తీసేదాకానే ఉంటుంది. నీళ్లు తగ్గాక అసలు ప్రశ్న మిగిలింది.

2

ఆ ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. మొదటిది నదికి సంబంధించింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరాన్ని కాపాడాలంటే నగరంలో కాదు, ఎగువన నీటిని ఆపాలన్నది ఆయన సలహా. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇంజనీరింగ్ దృష్టితో ఇది నిక్కచ్చి అయిన పరిష్కారం. వరద రాకుండా చూడటంతోపాటు నగరానికి తాగునీరు ఇచ్చింది.

రెండవ జవాబు ఇళ్లకు సంబంధించింది. వరద వెంటనే ప్లేగు వచ్చింది. 1911 జనగణనలో దాదాపు 5 లక్షలున్న నగర జనాభా 1921 నాటికి దాదాపు 4 లక్షలకు పడిపోయింది. ప్లేగు, ఆ తర్వాత ఇన్‌ఫ్లూయెంజా నగరాన్ని అంతగా దెబ్బతీశాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడాది, 1912లో, నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. హైదరాబాదు వాసుల నోట అది సి.ఐ.బి. ఇరుకు బస్తీలు తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, కొత్త ఇళ్లు కట్టడం దాని పనులు.

ఈ బోర్డు నమూనా శూన్యంలోంచి ఊడిపడలేదు. 1896 ప్లేగు తర్వాత బొంబాయిలో 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. అంతకు ముందే 1853 నుంచి పారిస్‌లో హౌస్‌మన్ ఇరుకు సందులు కూల్చి విశాల వీధులు తీశాడు. రోగాలకు మూలం గాలి ఆడని ఇరుకు ఇళ్లన్నది ఈ ప్రయత్నాలన్నిటి వెనుక ఉన్న వాదం. వాదంలో సత్యం లేకపోలేదు. కాని 1872లోనే ఎంగెల్స్ తన 'గృహ సమస్య' వ్యాసాల్లో దీని గుట్టు బయటపెట్టాడు. బూర్జువా వర్గం ఒకచోట మురికివాడను కూల్చి సమస్య తీరిందనుకుంటుందనీ, అదే మురికివాడ పక్క వీధిలోనో ఊరి చివరనో మళ్లీ లేస్తుందనీ, ఎందుకంటే దాన్ని పుట్టించిన ఆర్థిక కారణం అలాగే ఉందనీ ఆయన వివరించాడు. బొంబాయి ట్రస్టు, కూల్చినన్ని గదులు కట్టలేదన్న విమర్శను ఎదుర్కోవడం ఇందుకు నిదర్శనమే. 1914లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండ్ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడిస్ కూడా ఈ కత్తిరింపు పద్ధతిని విమర్శించాడు. శిథిలమైన కొద్ది ఇళ్లు తీసి, బావులు, చెట్లు, సందులు కాపాడుతూ బస్తీని ఉన్నచోటే బాగుచేయవచ్చని, అది చౌక కూడా అని ఇండోర్ వంటి నగరాల నివేదికల్లో ఆయన వాదించాడు.

హైదరాబాదు బోర్డును బొంబాయి ట్రస్టుతో పూర్తిగా ఒకే గాట కట్టడం న్యాయం కాదు. కూల్చిన చోట ఇళ్లు కట్టాలన్న పట్టింపు ఇక్కడ ఎక్కువగా ఉండింది. నాంపల్లి, మల్లేపల్లి, పాతబస్తీలో సుల్తాన్‌షాహి వంటి చోట్ల గాలి, వెలుతురు, మరుగుదొడ్డి ఉన్న వరుస ఇళ్లు లేచాయి. పరదా పాటించే కుటుంబాల అలవాట్లను కూడా దృష్టిలో పెట్టుకున్నారు. ఇళ్లను తరగతులుగా విభజించి కిరాయిలు నిర్ణయించారు. ఆనాటి భారతదేశంలో ఒక సంస్థానం ఇంత బాధ్యత నెత్తిన వేసుకోవడం సామాన్య విషయం కాదు. దాన్ని ఒప్పుకోవడానికి మనం జంకనక్కరలేదు.

కాగా రెండు సంగతులు మరవకూడదు. ఒకటి, నెలనెలా నిర్ణీత కిరాయి కట్టాలంటే నెలనెలా నిర్ణీత జీతం రావాలి. గుమాస్తాకు, చప్రాసీకి అది వస్తుంది. అడ్డా మీద నిలబడే కూలీకి, బండి లాగేవాడికి, ఇంట్లో కూర్చుని జరీపని చేసే స్త్రీకి అది రాదు. కొత్త ఇంటి గడప దగ్గరే శ్రామికవర్గం రెండుగా చీలిపోయింది. రెండు, వెడల్పు చేసిన రోడ్డు పక్క నేల ధర పెరుగుతుంది. ఆ పెరిగిన విలువ ఎవరి చేతికి పోయింది? చార్‌కమాన్ నుంచి మూసీ దాకా పాత ఇళ్లు తీసి కట్టిన పత్తర్‌గట్టీ రాతి తోరణాల కింద దుకాణాలు వెలిశాయి. 1935లో మొజంజాహీ మార్కెట్ లేచింది. దానికి పేరు నిలిచిన రాకుమారుడే బోర్డు అధ్యక్షుడు. నగరానికి శోభ వచ్చింది, వ్యాపారికి గిరాకీ వచ్చింది. అక్కడి సందుల్లో ఉండినవారు వెనక్కి, లోపలికి, మళ్లీ నది వైపుకు జరిగారు. వరద పోయింది, వరద భయం పోయింది, కనుక నది ఒడ్డు మళ్లీ నివాసయోగ్యంగా కనిపించింది. రిజర్వాయర్లు ఇచ్చిన అభయమే మరో తరం పేదలను నదిలోకి దింపింది.

3

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949లో నిజాం సొంత ఆస్తిగా ఉన్న సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఇవి తెలంగాణ రైతాంగ పోరాటం బలవంతాన వచ్చిన ప్రగతిశీల చర్యలు. పల్లెలో వాటి అర్థం మనకు తెలుసు. పాతబస్తీలో వాటి అర్థం ఏమిటన్నది మనం తగినంతగా ఆలోచించలేదు.

జాగీరు పోయిన అమీరుకు దేవిడీ నడిపే శక్తి పోయింది. దానితోబాటు సిపాయి, నౌకరు, వంటమనిషి, మున్షీ, జరీపనివాడు, ఇట్లా ఆ కొలువు మీద బతికే ప్రతి ఇంటికీ జీతం ఆగిపోయింది. సంస్థాన సైన్యం రద్దు కావడంతో మరెంతోమంది వీధిన పడ్డారు. జాగీరుదారుకు పరిహారం లెక్కగట్టారు. అతని కొలువు మనిషికి ఏ లెక్కా లేదు. పరిశ్రమలు, కచేరీలు, కొత్త కాలనీలు అన్నీ మూసీకి ఉత్తరాన పెరిగాయి.

దేవిడీలు ముక్కలయ్యాయి. వారసులు పంచుకున్నారు, అమ్ముకున్నారు. తోటలు ప్లాట్లయ్యాయి, గుర్రపుశాలలు కిరాయి గదులయ్యాయి. సాలార్‌జంగుల దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో మ్యూజియం కొత్త భవనానికి మారింది. ఆ తర్వాత దివాన్ దేవిడీ చాలా మేరకు వ్యాపార సముదాయాలుగా మారిపోయింది. జీలానీ బానో 'ఐవానె గజల్', నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్ కథలు' ఈ నగరపు మనుషులను సాహిత్యంలోకి తెచ్చాయి. అయితే దేవిడీ వెనుక వరుసలో, గది మీద గది వేసుకుని, పగ్డీ కట్టి, నీళ్ల బిందె కోసం తెల్లవారుజామున లేచే కిరాయిదారు కథ ఇంకా రావలసినంతగా రాలేదు.

ఈ దశలో ప్రభుత్వం ఏం చేసింది? 1956లో మురికివాడల అభివృద్ధికి భూసేకరణ చట్టం తెచ్చింది. 1960లో పాత నగరాభివృద్ధి బోర్డు పని ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డుకు వచ్చింది. విజయనగర్ కాలనీ, తర్వాత కూకట్‌పల్లి వంటి కాలనీలు లేచాయి. వాయిదాలు కట్టగల ఉద్యోగులకు అవి నిజంగా మేలు చేశాయి. కాని 1912లో గడప దగ్గర గీసిన గీత చెరగలేదు. జీతం స్లిప్పు లేనివాడు హౌసింగ్ బోర్డుకు కూడా కనపడలేదు. 1976 పట్టణ భూపరిమితి చట్టం ద్వారా మిగులు భూమి పేదలకు వస్తుందన్న ఆశ కలిగింది. మినహాయింపులు ఆ ఆశను హరించాయి. కేంద్రం 1999లో చట్టాన్ని రద్దు చేసింది, మన రాష్ట్రంలో 2008లో ఆ రద్దు అమలయింది.

4

ఇంతటి చీకటిలో ఒక ప్రయోగం వేరుగా నిలుస్తుంది. 1967లో హైదరాబాదులో పట్టణ సామూహికాభివృద్ధి పథకం చిన్నగా మొదలయింది. మొదట్లో అది బాలవాడీలు, కుట్టు తరగతులు, ఆరోగ్య కేంద్రాల పని. కార్యకర్తలు బస్తీలో కూర్చుని జనం ఏమడుగుతున్నారో విన్నారు. 1970ల చివరి సంవత్సరాల్లో జనం ఇల్లు అడిగారు. ఆ సంవత్సరాల పూర్వరంగం గుర్తుంచుకోవాలి. 1976లో, ఎమర్జెన్సీ చీకట్లో, ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర బుల్‌డోజర్లు పేదల ఇళ్ల మీద నడిచాయి. దానికి పూర్తిగా భిన్నమైన దారిని హైదరాబాదు బస్తీలు చూపించాయి.

ఆ పద్ధతి వివరంగా తెలుసుకోదగింది. బస్తీని కదిలించలేదు. ప్రభుత్వ భూమి మీద ఉన్న గుడిసెలకు ముందుగా పట్టా ఇచ్చారు. పట్టా ఉంది కనుక బ్యాంకు అప్పు ఇచ్చింది. 1972లో మొదలయిన తేడా వడ్డీ పథకం కింద అది 4 శాతం వడ్డీ అప్పు. సందులు సరిచేయడానికి ఎవరి గుడిసె ఎంత జరగాలో బస్తీవాసులే కూర్చుని తేల్చుకున్నారు. ఇల్లు వాళ్లే కట్టుకున్నారు. మేస్త్రీలు, కూలీలు, వడ్రంగులు వాళ్లలోనే ఉన్నారు కనుక కంట్రాక్టరు లాభం ఖర్చులోంచి తొలగిపోయింది. 1980లలో నీళ్లు, మోరీలు, రోడ్ల పనులకు బ్రిటన్ ప్రభుత్వ సహాయం కూడా వచ్చింది.

దీన్ని ఆకాశానికెత్తనవసరం లేదు. ప్రభుత్వ భూమి మీదున్న బస్తీలకే ఇది సులువుగా అందింది. పాతబస్తీలో విస్తారంగా ఉన్న వక్ఫు భూముల మీద, వివాదాల్లో చిక్కుకున్న దేవిడీ భూముల మీద ఉన్నవారికి పట్టా ఇచ్చే దారి దొరకలేదు. గుడిసెలో కిరాయికి ఉన్నవాడికి ఏమీ రాలేదు, గుడిసె యజమానికే పట్టా వచ్చింది. వాయిదాలు వసూలు కాక బ్యాంకులు వెనక్కి తగ్గాయి. క్రమంగా కార్యకర్తల స్థానాన్ని స్థానిక పెత్తందార్లు, కంట్రాక్టర్లు ఆక్రమించారు. ఇవన్నీ నిజమే. అయినా ఒక సంగతి రుజువయింది. పేదవాడు ఇల్లు కట్టుకోలేకపోవడానికి కారణం ఇటుక ధర ఒక్కటే కాదు. కాళ్ల కింది నేల తనదన్న భరోసా లేకపోవడం అంతకంటె పెద్ద కారణం. రేపు కూలిపోయే గోడకు ఎవడూ సున్నం వేయడు. పట్టా చేతికి వచ్చిన చోట, తినీ తినకా మిగిల్చిన ప్రతి రూపాయీ గోడ అయింది, పైకప్పు అయింది.

5

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. 2015లో డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకం వచ్చింది. సికింద్రాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో పాత బస్తీ స్థలంలోనే 396 ఇళ్లు కట్టి అక్కడివారికే ఇచ్చారు. ఇది ఉన్నచోటే ఇల్లు అన్న పాత సూత్రానికి దగ్గరగా ఉంది. కాని నగరం నడిబొడ్డున నేల ఖరీదైనదన్న వాదన బలపడింది. 2023లో కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. కట్టడంగా అది పెద్ద విజయం. చార్మినారుకు అది దాదాపు 30 కిలోమీటర్ల దూరం.

ఈ దూరాన్ని పాతబస్తీ కుటుంబం కళ్లతో చూడాలి. లాడ్‌బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గాజు చుట్టుపక్కల గల్లీల్లో, బొగ్గుల కుంపటి ముందు, వంటా పడకా అన్నీ జరిగే గదుల్లోనే తయారవుతుంది. పొద్దున దుకాణదారు సరుకు పంపుతాడు, సాయంత్రం గాజులు పోతాయి. జర్దోజీ మగ్గం, అగరుబత్తుల పీట, అట్టపెట్టెల పని, అన్నిటిదీ ఇదే తీరు. ఈ ఇళ్లలో స్త్రీలకు ఇల్లే కార్ఖానా. అటువంటి కుటుంబాన్ని 30 కిలోమీటర్ల దూరంలోని తొమ్మిదవ అంతస్తుకు తరలిస్తే ఇల్లు ఉచితమే, జీవనోపాధి మాత్రం పోతుంది. బస్సు ఖర్చు, పోయిన పనిదినాలు, లిఫ్టు నిర్వహణ, పిల్లల బడి మార్పు, అరువిచ్చే కిరాణా దుకాణం లేకపోవడం, వీటన్నిటినీ కూడితే ఉచితమైన ఇల్లు కిరాయి గదికంటె ఖరీదవుతుంది. అప్పుడు కొందరు ఆ ఇంటికి తాళం వేసో, కిరాయికిచ్చో తిరిగి పాత గల్లీకి వస్తారు. అధికారి దాన్ని అక్రమం అంటాడు. నిజానికది ఆ కుటుంబం వేసిన లెక్క.

మూసానగర్ విషయంలో పిల్లిగుడిసెలు దగ్గరే ఉన్నాయి కనుక కొన్ని కుటుంబాలు వెళ్లడానికి ఒప్పుకున్నాయి. ఈ చిన్న వాస్తవంలో పెద్ద పాఠం ఉంది. పేదలు మంచి ఇంటిని వద్దనడం లేదు. వరద నీటిలో బతకడం వారికి సరదా కాదు. పనికి నడిచిపోగల దూరంలో, కాగితం మీద తమ పేరుతో, ముందు చూపించి ఆ తర్వాత కదలమంటే కదిలేవారు ఉన్నారు. కూల్చివేత ముందు, ఇల్లు తర్వాత అన్నచోటనే ప్రతిఘటన లేచింది.

నది బాగుపడాలి. అందులో అభిప్రాయభేదం లేదు. కాని నదిని పాడుచేసిన వారిలో ఒడ్డున గుడిసె వేసుకున్నవాడు ఎన్నవవాడు? నగరం మొత్తం మురుగు, కార్ఖానాల రసాయనాలు మూసీలోకే వస్తున్నాయి. నాలాలు, చెరువులు పూడ్చి ప్లాట్లు వేసినవారు ఒడ్డున ఉండటం లేదు. నదిని శుభ్రం చేయడం వేరు, నది పక్క నేల ధర పెంచడం వేరు. పత్తర్‌గట్టీ నాటి ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది: బాగుపడిన ఒడ్డు మీద రేపు ఎవరు ఉంటారు?

చరిత్ర మనకిచ్చే జవాబు స్పష్టంగానే ఉంది. 1912 బోర్డు ఇళ్లు కట్టింది, కాని జీతగాళ్లకే అందాయి. హౌసింగ్ బోర్డు కాలనీలు కట్టింది, వాయిదాదార్లకే అందాయి. 1970ల చివర బస్తీ కదలకుండా నేల మీద హక్కు ఇచ్చినప్పుడు మాత్రమే, ఎంత పరిమితంగానైనా, అట్టడుగువాడికి ఇల్లు అందింది. కాబట్టి పాతబస్తీలో చౌక ఇళ్ల ప్రణాళిక అంటే చౌక కట్టడాల ప్రణాళిక కాకూడదు. శిథిల దేవిడీలు, ఖాళీగా పడివున్న ప్రభుత్వ స్థలాలు ముందుగా అక్కడి కిరాయిదారులకు దక్కాలి. వక్ఫు భూముల మీద తరతరాలుగా ఉన్నవారికి, వక్ఫు ఆస్తికి నష్టం రాకుండా, దీర్ఘకాలపు కౌలు భద్రత కల్పించే దారి వెతకాలి. ఇంటి కొలతలో పడక గదితోబాటు పని గదికి చోటుండాలి. అన్నిటికంటె ముందు, ఎవరి గోడ మీద గుర్తు వేస్తున్నారో వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. 1970లలో కొద్దిమంది బస్తీ కార్యకర్తలు చేసిన పనే ఇది.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఆనాడు తన మీదికి ఎక్కినవారెవరని అడగలేదు. వాళ్లు దిగిన తర్వాత ఎక్కడికి వెళ్లారన్నది మన సాహిత్యం, మన చరిత్ర ఇంకా రాయలేదు. మూసానగర్ నుంచి వెళ్లినవారి విషయంలోనైనా ఆ లోటు రాకుండా చూడవలసిన బాధ్యత రచయితల మీద ఉంది.